పెళ్లి వీసీడీ కంప్యూటర్‌లో ఆడడం లేదా? పారేసే ముందు ఇవి చూడండి

కోరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం... ఎక్కడైనా మన తెలుగువాళ్ల ఇంట్లో బీరువా వెతికితే ఒక పాత వీసీడీ దొరుకుతుంది. పదిహేను, ఇరవై ఏళ్ల కిందటి పెళ్లి వీడియో. అందులో అక్షింతలు వేసిన పెద్దవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. దాన్ని ఇప్పటి కంప్యూటర్‌లో పెడితే విండోస్ మీడియా ప్లేయర్ ఏదో ఇంగ్లిష్ వాక్యం చూపించి ఆగిపోతుంది. డిస్క్ పోయిందనుకుని పక్కన పడేస్తాం. చాలాసార్లు పోయింది డిస్క్ కాదు.

ప్లేయర్‌ను కాసేపు మరిచిపోండి. 'దిస్ పీసీ'లో డిస్క్ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ నొక్కండి. 'ఎంపెగ్ ఏవీ' అనే ఫోల్డర్‌లో 'డాట్' అని ముగిసే పెద్ద ఫైల్ ఉంటుంది. పెళ్లి వీడియో అదే. దాన్ని ముందుగా హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఆడించడం తర్వాత. కాపీ అయిన ఫైల్‌ను ప్లేయర్ తీసుకోకపోతే పేరు చివర ఉన్న 'డాట్'ను 'ఎంపీజీ'గా మార్చి చూడండి. పేరు చివరి భాగం కనిపించకపోతే వ్యూ మెనూలో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' టిక్ చేయాలి. కాపీ మధ్యలో ఆగిపోతే డిస్క్‌ను మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి, గుండ్రంగా తుడవొద్దు. అప్పటికీ రాకపోతే వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకొకటి చదవడం మామూలే. కొత్త ల్యాప్‌టాప్‌కు డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీతో తగిలించేవి దొరుకుతాయి.

డీవీడీ కథ వేరు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి మీడియా ప్లేయర్‌లో డీవీడీ ఆడే సదుపాయం తీసేశారు. కాబట్టి ఆడకపోతే తప్పు మీదీ కాదు, డిస్క్‌దీ కాదు. ఉచితంగా దొరికే వీఎల్‌సీ ప్లేయర్ చాలు. పై 'డాట్' ఫైళ్లను కూడా అది నేరుగా ఆడిస్తుంది.

మాట వినిపించి బొమ్మ రాకపోతే, ఆ వీడియోను విప్పే కోడెక్ మీ కంప్యూటర్‌లో లేదన్నమాట. కొత్త ఫోన్లలో తీసిన హెచ్‌ఈవీసీ వీడియోలతో ఈ బాధ ఎక్కువ. దీనికీ వీఎల్‌సీయే మందు. 'ఉచిత కోడెక్ ప్యాక్' అంటూ ఇంటర్నెట్‌లో కనిపించే ప్రతిదీ దించుకోవద్దు, వాటి వెంట వైరస్‌లు వస్తాయి.

అసలు ప్లేయరే తెరుచుకోకపోతే, లేదా 'సర్వర్ ఎగ్జిక్యూషన్ ఫెయిల్డ్' అని వస్తే, టాస్క్ మేనేజర్‌లో మీడియా ప్లేయర్ పేరు వెతికి 'ఎండ్ టాస్క్' నొక్కి మళ్లీ తెరవండి. ఫలితం లేకపోతే స్టార్ట్‌లో 'టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్' అని వెతకండి. అందులో మీడియా ఫీచర్స్ కింద ప్లేయర్ టిక్ తీసేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, మళ్లీ టిక్ పెట్టండి. మీ పాటలు, వీడియోలు ఎక్కడికీ పోవు. విండోస్ 11లో 'మీడియా ప్లేయర్' అనే కొత్త యాప్ వేరు, పాతది 'విండోస్ మీడియా ప్లేయర్ లెగసీ' పేరుతో ఉంటుంది. రెండూ ఒకటే అనుకుని ఒకదాని సెట్టింగులు ఇంకోదానిలో వెతకొద్దు.

ఇక పాత కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించబోతున్నవారికి ఒక మాట. పాత మీడియా ప్లేయర్‌లో సీడీ నుంచి పాటలు ఎక్కించేటప్పుడు 'కాపీ ప్రొటెక్ట్ మ్యూజిక్' అనే టిక్ ఉండేది. అది ఉండగా ఎక్కించిన డబ్ల్యూఎంఏ పాటలు పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లినా ఇంకో కంప్యూటర్‌లో ఆడవు, ఎందుకంటే వాటి లైసెన్స్ ఆ ఒక్క కంప్యూటర్‌కే కట్టుబడి ఉంటుంది. ఫార్మాట్ చేస్తే ఆ లైసెన్సూ పోతుంది. కాబట్టి ముందు ఒకటి రెండు పాటలు వేరే కంప్యూటర్‌లో ఆడించి చూడండి. ఆడకపోతే అసలు సీడీ వెతికి, ఆ టిక్ తీసేసి, ఎంపీ3గా మళ్లీ ఎక్కించుకోండి. ఫార్మాట్ ఆ తర్వాతే.