ఎస్‌ఎస్‌హెచ్‌లో అవతలి కమాండుకి డేటా అందించడం ఎలా?

ఎమ్మెస్ అయ్యి ఇక్కడ ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక శుక్రవారం సాయంత్రం సర్వర్ మీద "రిపోర్ట్స్ ఓల్డ్" అనే ఫోల్డర్ తీసేయమన్నారు. నా సీట్లోంచే ఎస్‌ఎస్‌హెచ్‌తో ఆర్‌ఎమ్ కమాండు ఇచ్చాను. పేరు మధ్యలో ఖాళీ ఉంది కదా అని కోట్స్ కూడా పెట్టాను. తీరా చూస్తే పాత ఫోల్డర్ భద్రంగా ఉంది, పక్కనే ఉన్న అసలు "రిపోర్ట్స్" ఫోల్డర్ పోయింది! బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చేసరికి తెల్లవారింది.

జరిగిందేమిటంటే, నేను పెట్టిన కోట్స్‌ని నా షెల్లే తీసేసింది. ఎస్‌ఎస్‌హెచ్ మిగిలిన మాటలన్నిటినీ ఖాళీలతో కలిపి ఒకే వాక్యంగా పంపింది. అవతలి షెల్ దాన్ని మళ్ళీ మొదటినుంచి విడగొట్టి చదివింది. నా ఒక్క పేరు దానికి రెండు పేర్లయ్యాయి. నేను మైనస్ ఎఫ్ కూడా ఇచ్చాను కాబట్టి, "ఓల్డ్" అనేది లేదని కనీసం గొణగలేదు. బయట సింగిల్ కోట్స్, లోపల డబుల్ కోట్స్ అని రెండు పొరలు పెట్టి ఉంటే సరిపోయేది.

కానీ పొరలు లెక్కపెట్టడం కన్నా, డేటాని కమాండులో కలపకుండా స్టాండర్డ్ ఇన్‌పుట్‌లో పంపడమే మేలని నా అభిప్రాయం. ఇటు పైపులో పోసింది అటు కమాండుకి ఒక్క బైటు కూడా మారకుండా చేరుతుంది. ఇక్కడ టార్‌తో కట్టిన డైరెక్టరీని అక్కడ ఇంకో టార్‌తో అప్పటికప్పుడే విప్పించవచ్చు, మధ్యలో ఫైలు అక్కర్లేదు. ఫైళ్ళ పేర్ల జాబితా అయితే నల్ బైటుతో విడదీసి, అవతల ఎక్సార్గ్స్‌కి మైనస్ సున్నా ఇవ్వండి.

పాస్‌వర్డులకి ఈ పద్ధతి తప్పనిసరి. కమాండులో రాస్తే, ఆ మెషీన్ మీద పీఎస్ కొట్టినవారికి మామూలుగా కనిపించేస్తుంది. 1995లో తాతు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాసిందే, యూనివర్సిటీ నెట్‌వర్కులో ఎవరో పాస్‌వర్డులు దొంగిలించినందుకు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పంపుదామంటే, అవతలి సర్వర్ సెట్టింగుల్లో అనుమతి ఉండాలి.

పైపు వాడేటప్పుడు మైనస్ టీ పెట్టకండి. మధ్యలో టెర్మినల్ దూరితే బైనరీ డేటా పాడవుతుంది.

ఇంకొకటి. సర్వర్ల జాబితాని వైల్ లూపులో చదువుతూ ఎస్‌ఎస్‌హెచ్ నడిపితే, మొదటి ఎస్‌ఎస్‌హెచ్చే మిగతా జాబితాని ఇన్‌పుట్‌గా మింగేస్తుంది. ఒక్క సర్వర్‌లోనే పని జరుగుతుంది, ఎర్రర్ మాత్రం రాదు. మైనస్ ఎన్ ఇస్తే ఆగుతుంది. డేటా కూడా పంపాలంటే మైనస్ ఎన్ పనికిరాదు, అప్పుడు జాబితాని 3వ నంబరు ఫైల్ డిస్క్రిప్టర్ నుంచి చదివించండి.