పాటలో పెరిగిన పాత బండి

ఐనవిల్లి చుట్టుపక్కల ఊళ్లకు వేలం పాట కొత్తది కాదు. దేవుడి మాన్యాల కౌలు, పంచాయతీ చెరువులో చేపల హక్కు, గుడి ముందు కొబ్బరికాయల దుకాణం, అన్నీ పాటలోనే తేలతాయి. పాటదారు ఎంత పంతానికి పోయినా లోపల ఒక లెక్క నడుస్తూనే ఉంటుంది: తోటలో ఎన్ని కొబ్బరికాయలు దిగుతాయి, అంబాజీపేట మార్కెట్లో ధర ఎంత పలుకుతుంది, దింపు కూలి ఎంత పోతుంది. ఆ లెక్క దాటి పాడినవాడికి ఏడాది తిరక్కుండానే తెలిసొస్తుంది. బాలాపూర్ గణపతి లడ్డూ పాటకు ఆ కళ్లెం లేదు. 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2025లో 35 లక్షలకు పోయింది. పాడినవాడికి దక్కేది భక్తి, ప్రతిష్ఠ. డబ్బు ఊరి పనులకు వెళుతుంది కనుక ఎవరూ నష్టపోరు. సేకరణకర్తల కార్ల వేలం ఈ రెండింటికీ మధ్యరకం. లడ్డూ పాటలా సాగుతుంది, కౌలు పాటలా లాభం లెక్క చెబుతుంది. దాని దెబ్బ బాగుచేసిన కారు మీద కాదు, ఇంకా బాగుచేయవలసిన కారు మీద పడుతుంది.

ఆ వేలాల్లో ఎగబడి కొనే కార్లలో మజిల్ కారు ఒకటి. అమెరికాలో అది పుట్టిందే కుర్రకారు కోసం. 1964లో పాంటియాక్ జీటీవోతో ఊపందుకున్న ఆ పద్ధతి చాలా సులువైనది: మామూలు కారులో పెద్ద ఇంజన్ పెట్టడం. 1970 ప్లిమత్ బారకూడాలో హెమీ ఇంజన్ కావాలంటే అదనంగా కట్టాల్సింది సుమారు 871 డాలర్లు. తర్వాత బీమా భారం, కాలుష్య నిబంధనలు, 1973 చమురు సంక్షోభం ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆ కార్లు చవకబేరాలయ్యాయి. కొన్నవాళ్లు ఇంజన్లు మార్చారు, పందేలు వేశారు, గుద్దేశారు. 1971లో స్కాట్స్‌డేల్‌లో మొదలైన బారెట్-జాక్సన్ వేలం టీవీలో ప్రత్యక్ష ప్రసారమయ్యే నాటికి అలనాటి కుర్రాళ్ల చేతుల్లో డబ్బు చేరింది. 1971 హెమీ బారకూడా కన్వర్టిబుళ్లు తయారైనవి 11 మాత్రమే. వాటిలో ఒకటి 2014లో 35 లక్షల డాలర్లు పలికింది. మధ్యలో 2008 మాంద్యం ధరలను పడగొట్టినా ఆ వేడి మళ్లీ పుంజుకుంది.

టీవీ చూసినవాడికి మెరిసే కారు, దాని ధర కనిపిస్తాయి. దాని వెనక ఖర్చయిన రంగు, రేకు పని, వందల గంటల శ్రమ కనిపించవు. ఇక గోదాములో తుప్పు పట్టిన బండి ఉన్న ఆసామి ఆ ధరనే తన ధర అనుకుంటాడు. పూర్తయిన కారు పది లక్షలనీ, బాగుచేయడానికి ఆరు పడుతుందనీ అనుకుందాం. తుక్కుకు నాలుగు మించి ఇవ్వకూడదు. అతను అడిగేది ఆరు. అంటే రేపు కొనేవాడు పడబోయే శ్రమ విలువను అమ్మేవాడు ఈరోజే పట్టుకుపోతాడు. కౌలు పాటలో పంట ఆ తప్పును బయటపెడుతుంది. ఇక్కడ పంట లాంటిదేమీ లేదు, మరో కొనుగోలుదారు వస్తాడన్న ఆశ తప్ప. సరదాకు చేసుకునే పని కాస్తా పెట్టుబడిగా మారాక మనిషి స్పానరు పట్టడానికి కూడా జంకుతాడు: ఇంజన్ ఫ్యాక్టరీ నంబరుది కాకపోతే విలువ పడిపోతుందేమో, బోల్టు మారితే తేడా పట్టేస్తారేమో!

వేలాలే లేకపోతే ఈ కార్లు ఎప్పుడో కరిగిపోయేవని వాటిని సమర్థించేవాళ్లు అంటారు. అందులో నిజముంది. ధర ఉంది కాబట్టే కొత్తగా అచ్చుపోసిన విడిభాగాలు దొరుకుతున్నాయి. ఆన్‌లైన్ వేలాలు వచ్చాక తుప్పు బండికి కూడా వందల ఫొటోలు పెట్టి, లోపాలు చెప్పి అమ్ముతున్నారు. మోసం కొంత తగ్గింది. కానీ బండి బతకడం ఒకటి, అది రోడ్డెక్కడం ఇంకొకటి. ‘బులిట్’ సినిమాలో నడిచిన 1968 మస్టాంగ్‌నే తీసుకోండి. ఒక కుటుంబం 1974లో 6,000 డాలర్లకు కొని మామూలు కారులాగే వాడుకుంది. 2020 జనవరిలో, బాగుచేయకుండా తుప్పుతోనే, రుసుములతో కలిపి 37.4 లక్షల డాలర్లకు పోయింది. దాన్నిప్పుడు పాల ప్యాకెట్ కోసం ఎవరు బయటికి తీస్తారు?

మన దగ్గర ఆ స్థాయి వేలాలు లేవు గానీ గాలి సోకింది. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100, మైలేజీ రాదని అప్పట్లో జనం దూరంపెట్టిన రాజ్‌దూత్ 350 ఇప్పుడు మోజు బళ్లు. పేపర్లు సరిగా లేని తుక్కుకూ ‘ఒరిజినల్’ అన్న మాట జోడిస్తే బేరం మారిపోతుంది. పైగా 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించవచ్చు; కొత్తగా వీఏ సిరీస్ నంబరుకు రుసుము 20,000 రూపాయలు. అలాంటి బండిని ప్రదర్శనలకో, ర్యాలీలకో, మరమ్మతుకో, పెట్రోలుకో తీయాలే తప్ప రోజువారీ తిరగకూడదు. మొదటి ఆర్‌ఎక్స్ 100కు ఆ వయసు 2035లో వస్తుంది. పొలానికీ సంతకూ దాన్నే వేసుకుపోయేవాళ్లు ఆ హోదా జోలికి పోకపోవడమే మేలు. ధర పెరుగుతుందేమో గానీ బండి షెడ్డులోనే ఉండిపోతుంది.