‘దేవదాసు’ నాటికి సావిత్రి వయసు

వినోదా సంస్థ నిర్మించిన ‘దేవదాసు’ చిత్రంలో పార్వతి పాత్ర ధరించిన నాటికి నటి సావిత్రి వయసెంత అన్న విషయంలో తెలుగు సినిమా చరిత్రకారుల మధ్య నేటికీ ఏకాభిప్రాయం లేదు. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో డి.ఎల్.నారాయణ నిర్మించిన ఈ చిత్రం 1953 జూన్ 26న విడుదలైంది. సావిత్రి పుట్టినరోజుగా డిసెంబరు 6 బాగా ప్రచారంలో ఉన్నా, సంవత్సరం మాత్రం 1934 నుంచి 1937 వరకు ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా కనిపిస్తుంది. 1934 అనుకుంటే విడుదల నాటికి ఆమెకు 18 ఏళ్లు నిండినట్లు, 1935 అయితే 17, 1936 అయితే 16, 1937 అయితే 15 నిండినట్లు లెక్క తేలుతుంది. ఆమె సరసన నటించిన అక్కినేని నాగేశ్వరరావుకు అప్పటికి 28 ఏళ్లు.

ఈ సందిగ్ధం సావిత్రి ఒక్కరిదే కాదు. ఆమె పుట్టిన చిర్రావూరు ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గుంటూరు జిల్లాలో ఉండేది. అక్కడి పల్లెల్లో జనన మరణాల లెక్క గ్రామ మునసబు రిజిస్టరు మీద ఆధారపడేది. నామకరణానికి ముందే నమోదు జరిగితే ఆ పద్దులో ‘ఆడపిల్ల’ అన్న మాటే తప్ప పేరు ఉండేది కాదు. ఇంట్లోవారు బిడ్డ పుట్టుకను తిథి, నక్షత్రాలతోనూ, అరవై ఏళ్ల చక్రంలోని భావ, యువ, ధాత వంటి సంవత్సర నామాలతోనూ గుర్తుపెట్టుకునేవారు. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు అంచనాగా వేసిన తేదీయే చాలామందికి ఆ తరువాత అధికారిక జన్మతేదీగా స్థిరపడిపోయింది. దేశమంతటికీ వర్తించేలా జనన నమోదును తప్పనిసరి చేసిన చట్టం 1969లో గాని రాలేదు. సావిత్రికి ఊహ తెలియకముందే తండ్రి నిశ్శంకర గురవయ్య మరణించగా, తల్లి సుభద్రమ్మ పిల్లలతో విజయవాడలో అక్క ఇంటికి చేరింది.

సినిమా ప్రస్థానంలోని ఘట్టాలు ఈ చిక్కును కొంత విప్పుతాయి, కొంత పెంచుతాయి. ‘అగ్నిపరీక్ష’ (1951) చిత్రానికి ప్రయత్నించినప్పుడు నాయిక వేషానికి మరీ చిన్నపిల్లగా ఉందని ఆమెను కాదన్నారు. ఎల్.వి.ప్రసాద్ తీసిన ‘సంసారం’ (1950)లో నాయికగా అవకాశం వచ్చినా, కెమెరా ముందు కంగారుపడటంతో ఆ పాత్ర లక్ష్మీరాజ్యానికి వెళ్లి, సావిత్రికి చిన్న వేషం మిగిలింది. ‘పాతాళభైరవి’ (1951)లో ఒక నృత్యానికే పరిమితమైన ఆ అమ్మాయి రెండేళ్లు తిరిగేసరికి పార్వతిగా తెరమీదికి వచ్చింది. వేషాల ఈ వరుసను బట్టి చూస్తే 1935, 1936 సంవత్సరాలే ఎక్కువ పొసగుతున్నాయని చెప్పవచ్చు గాని, ఇది అంచనాయే తప్ప నిర్ధారణ కాదు.

మూలకథ వల్ల ఈ ప్రశ్నకు మరింత బరువు వచ్చింది. శరత్‌చంద్ర చటోపాధ్యాయ 1917లో ప్రచురించిన నవలలో పెళ్లిమాటలు నడిచేనాటికి పార్వతి పదమూడో ఏట ఉంటుంది. ఆడపిల్ల వివాహానికి కనీస వయసును 14 ఏళ్లుగా నిర్ణయించిన శారదా చట్టం 1930లో అమలులోకి రాగా, 1949 సవరణ దానిని 15కు పెంచింది. అందుచేత 1953 నాటి ప్రేక్షకులకు నవలలోని పార్వతి చట్టం అంగీకరించని వధువు. చిత్రంలో చిన్ననాటి సన్నివేశాలకు వేరే బాలనటులను తీసుకుని, దేవదాసు పట్నం నుంచి తిరిగివచ్చిన తరువాతి కథకు సావిత్రిని ఎంచుకున్నారు. చిన్ననాటి చనువుతో దేవదాసును ఆటపట్టించే పిల్లే, ఎదిగిన సంతానం ఉన్న జమీందారుకు రెండో భార్యగా వెళ్లి ఆ ఇంటికి పెద్దదిక్కు కావలసి వస్తుంది. సి.ఎస్.ఆర్. ఆంజనేయులు ధరించిన ఆ భర్త పాత్ర పక్కన ఆమె నిజమైన లేతదనమే సగం కథ చెబుతుంది. మిగిలిన సగం, అంటే కాపురంలోని గాంభీర్యం, పూర్తిగా నటనతో సాధించినదే. వయసును మించిన ఆ నిబ్బరం చూసి విమర్శకులు మెచ్చుకున్నంతగా, ఆ వయసు పిల్లకు పనివేళలు, చదువు ఎలా ఉండేవని విచారించకపోవడం మన సినిమా చరిత్ర రచనలో పెద్ద లోటు. హిందీలో బిమల్ రాయ్ తీసిన ‘దేవదాస్’ (1955)లో ఇదే పాత్ర ధరించిన సుచిత్రా సేన్‌కు అప్పటికి 24 ఏళ్లు.

తెలుగు తెరపై ఇటువంటి ఉదాహరణలు ముందూ వెనకా ఉన్నాయి. ‘వరవిక్రయం’ (1939)తో తెరకెక్కేనాటికి భానుమతికి పద్నాలుగేళ్లకు అటూ ఇటూ; నటులెవరూ తన కూతురిని తాకకూడదని ఆమె తండ్రి షరతు పెట్టారు. 1963 ఆగస్టు 13న జన్మించిన శ్రీదేవి ‘బడిపంతులు’ (1972)లో ఎన్.టి.రామారావుకు మనవరాలిగా కనిపించి, ఏడేళ్ల తరువాత ‘వేటగాడు’లో ఆయన సరసన నాయిక అయింది. నాయిక వయసునే పేరుగా పెట్టుకున్న ‘పదహారేళ్ల వయసు’ (1978) విడుదలయ్యే నాటికి ఆమెకు నిజానికి 15 ఏళ్లే.

చాలాకాలం తరువాత, బాలకార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ, 2017 నాటి నియమాలు బాలనటుల పనిని రోజుకు ఐదు గంటలకు పరిమితం చేసి, ఆదాయంలో కనీసం 20 శాతాన్ని వారి పేరిట జాతీయం చేసిన బ్యాంకులో దాచాలని ఆదేశించాయి. సావిత్రి తొలి చిత్రాల నాటికి అమలులో ఉన్న 1938 చట్టం రైల్వేలు, ఓడరేవులు, బీడీల తయారీ వంటి పనులకే వర్తించేది. స్టూడియోలో ఆమె మంచిచెడ్డలు చూసే బాధ్యత పెదనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్యదే అయింది.