గుడి సొమ్ముతో నడిచిన వైద్య కళాశాల

బంగారు గనుల్లో పుట్టి పెరిగిన మనకు ఆసుపత్రి అంటే కంపెనీ ఆసుపత్రే. 1880లలో జాన్ టేలర్ అండ్ సన్స్ వారు ఇక్కడ కాలుపెట్టాక గనుల వెంటే ఇంగ్లీషు వైద్యమూ వచ్చింది. 1956లో గనులు ప్రభుత్వపరమయ్యాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. పేర్లు ఎన్ని మారినా వైద్యం మాత్రం గనిదే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి, ఆసుపత్రీ వాటితోనే పోయింది. కూలీ మందూ ఒకే చేతి నుంచి వస్తున్నప్పుడు, ఆ చెయ్యి ముడుచుకుంటే రెండూ ఒక్కసారే పోతాయి.

వైద్యాన్ని, వైద్యవిద్యను కంపెనీ గాని సర్కారు గాని కాకుండా జనమే నిలబెట్టిన సందర్భాలు మనవాళ్ళ చరిత్రలో లేవా అని వెతికితే, నాకు ముందుగా గుర్తుకు వచ్చే పేరు పండిత దీవి గోపాలాచార్యులు. ఈయన మచిలీపట్నం వైపు మనిషి. 1872లో పుట్టారు. అయినా ఆయన చదువూ, తొలి కీర్తీ మన మైసూరు సీమవే. మైసూరులో ఆయుర్వేదం చదువుకొని, బెంగుళూరులో దివ్యజ్ఞాన సమాజం వారి వైద్యశాలలో వైద్యం చేశారు.

1898 ఆగస్టులో బెంగుళూరుకు ప్లేగు వచ్చింది. రైలుదారి వెంట వచ్చిన జబ్బు అది. అప్పటికే బౌరింగ్‌పేట నుంచి, అంటే నేటి బంగారుపేట నుంచి, మన గనులకు రైలు పడి నాలుగేళ్ళయింది. ఆ రోజుల్లోనే గనుల లైన్లకూ ఆ భయం పాకింది. బెంగుళూరులో ఇరుకు పేటలు వదిలి జనం మల్లేశ్వరం, బసవనగుడి వైపు తరలడం ఆ ప్లేగుతో ఊపందుకుంది. ఊళ్ళో ఎలుకలు రాలితే జనం ఇళ్ళు వదిలి పొలాల్లో గుడిసెలు వేసుకొనేవారు. ఆ కాలపు గుర్తుగానే మన సీమలో ప్లేగమ్మ గుళ్ళు వెలిశాయి.

ఆ సమయంలో గోపాలాచార్యులు హైమాది పానకం అనే మందును తాగడానికి, శతధౌత ఘృతాన్ని పైపూతకు వాడి పేరు తెచ్చుకున్నారు. శతధౌత ఘృతం అంటే నీళ్ళతో నూరుసార్లు కడిగిన నెయ్యి. రాగిపాత్రలో మర్దించి కడగ్గా కడగ్గా వెన్నలా తెల్లబడి, ఒంటికి చలవ చేస్తుంది. ఆ మందులు ప్లేగును నయం చేశాయని నేను అనను. ప్లేగు క్రిమిని చంపే మందులు 1940ల వరకు ఏ వైద్యంలోనూ లేవు. ఇంగ్లీషు డాక్టరు చేతిలోనూ అప్పుడు గట్టి మందు లేదు. ఆ ఆపత్కాలంలో రోగి దగ్గరకు వెళ్ళి, తాకి, మందు పోసిన వైద్యుడిని జనం మరిచిపోలేదు. అదే అసలు సంగతి.

ఆ తరువాత ఆయనను మదరాసు పిలిచింది. పిలిచింది సర్కారు కాదు, శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానం. మదరాసు ఆర్యవైశ్యులు తమ దేవస్థానం తరఫున ఆయుర్వేద వైద్యశాలనూ కళాశాలనూ నడిపి, ఆయనను ప్రధానాచార్యుణ్ణి చేశారు. దాతలు కోమట్లు, బోధించినవాడు వైష్ణవ పండితుడు. ఈ దేవస్థానానికి ఆదాయం ఎక్కడిదో తెలుసుకోవడం మంచిది. జార్జిటౌనులోని కొత్వాలు చావడి కూరగాయల సంత ఈ దేవస్థానం ఆస్తి. 1996లో సంత కోయంబేడుకు తరలిపోయేదాకా, తెల్లవారుజామున వంకాయల బుట్ట దింపిన ప్రతి అంగడి బాడుగలోనూ గుడికి, గుడి నడిపే ధర్మాలకు భాగముండేది. ఒక్క ధనికుడు ఒక్కసారి ఇచ్చిన విరాళం ఆ ధనికుడితో పోవచ్చు. సంత బాడుగ ప్రతినెలా వస్తుంది. ధర్మసంస్థకు కావలసింది ఆ రెండోదే.

మైలాపూరులో వి. కృష్ణస్వామి అయ్యరు పూనికతో 1905లో వెంకటరమణ వైద్యశాల, ఆయుర్వేద కళాశాల మొదలయ్యాయి. ఇలా నగరంలో అటు తెలుగు వర్తకులు, ఇటు అరవ వకీళ్ళు తమ సొంత సొమ్ముతో దేశీయ వైద్యాన్ని చదివించారు. సర్కారు మాత్రం 1914 నాటి వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టంతో ఇంగ్లీషు వైద్యం చదివినవారికే గుర్తింపునిచ్చింది. 1918లో దేశీయ మందులను పరిశీలించమని డాక్టర్ కోమన్‌ను నియమించింది. ఆయన నివేదిక ఆయుర్వేదాన్ని చిన్నచూపు చూసింది. మదరాసు వైద్యులు ఊరుకోలేదు, 1921లో దానికి ప్రత్యుత్తరం అచ్చువేశారు. అప్పటికి గోపాలాచార్యులు లేరు, 1920లో కన్నుమూశారు. ‘వైద్యరత్న’ బిరుదు ఇచ్చిన సర్కారే ఆయన శాస్త్రాన్ని శంకించడం ఆ కాలపు విచిత్రం.

ఆయన పనిని అందుకున్నవారు ఆచంట లక్ష్మీపతి. ఇంగ్లీషు వైద్యంలో పట్టా పుచ్చుకొని, పిమ్మట గోపాలాచార్యుల దగ్గర శిష్యరికం చేసి ఆయుర్వేదం వైపు తిరిగిన డాక్టరు ఆయన. ఆయన భార్య రుక్మిణీ లక్ష్మీపతి 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో ప్రజారోగ్య మంత్రి అయ్యారు.

పానగల్లు రాజావారు మదరాసు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్కారు మనసు మారింది. ఉస్మాన్ కమిటీ 1923లో దేశీయ వైద్యాలకు అనుకూలంగా నివేదిక ఇచ్చింది. 1925లో కీల్పాకులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల తెరిచారు. కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి దానికి మొదటి ప్రిన్సిపాలు. జనం చందాలతో పెరిగిన విద్య చివరకు సర్కారు గడప ఎక్కిందని అందరూ సంతోషించి ఉంటారు. ఆ సంతోషం ఎంతకాలం నిలిచింది? కొన్నేళ్ళకు రెండు వైద్యాలనూ కలిపి చెప్పే కళాశాలగా మారి, 1960 నాటికి అదే స్థలంలో ఇంగ్లీషు వైద్యపు కీల్పాకు మెడికల్ కాలేజీ వెలిసింది. మైలాపూరులో చందాలతో మొదలైన వైద్యశాల మాత్రం ఇప్పటికీ మందు ఇస్తూనే ఉంది.

అందుకని సర్కారు సాయం వద్దని నేను చెప్పడం లేదు. పరీక్షలు, పట్టాలు, మందుల నాణ్యత చూడటం సర్కారు పనే. గుడి సొమ్ముకు ఆ శక్తి లేదు. కాని సర్కారుకు అక్కర తీరిన రోజున కూడా ఒక విద్య బతికి ఉండాలంటే, దానికి వెనక కొందరు మనుషులుండాలి. కోలారులో మెథడిస్టు మిషన్ ఆసుపత్రి ఎలెన్ థోబర్న్ కోవెన్ అనే ఆమె స్మారకంగా ఆమె పేరే మోస్తున్నది. దూరదేశపువారు మన ఊళ్ళో తమవారి పేరు ఆసుపత్రికి పెట్టుకోగలిగారు.

ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట, రాబర్ట్‌సన్‌పేట, ఎక్కడ చూసినా మనవాళ్ళ సంఘాలున్నాయి, సత్రాలున్నాయి, కల్యాణ మంటపాలున్నాయి. పెళ్ళిళ్ళ కాలంలో ఆ మంటపాలకు బాడుగలు బాగానే వస్తాయి. ఆ బాడుగల్లో రూపాయికి ఒక అణా వంతు తీసి, వైద్యం చదివే ఒక పిల్లకో పిల్లాడికో ఏటేటా ఇస్తే చాలు. కొత్వాలు చావడి వర్తకులు చేసింది ఇంతకంటె గొప్ప పనేమీ కాదు. వాళ్ళు ఏటా మానకుండా చేశారు, అంతే.