టర్కీలో 1946 ఎన్నికలు: ఒకే పార్టీ రాజ్యంలో ఓట్ల లెక్క

1946 జూలై 21వ తేదీన టర్కీ ప్రజలు మొట్టమొదటిసారిగా తమ శాసనసభ్యులను నేరుగా ఎన్నుకున్నారు. అంతకు పూర్వపు పద్ధతి వేరు. సామాన్య ఓటర్లు ముందుగా 'రెండవ ఓటర్ల'ను ఎన్నుకొనేవారు. ఆ రెండవ ఓటర్లు అంకారా నుండి వచ్చిన జాబితాకు ఆమోదముద్ర వేసేవారు. అడ్డు చెప్పడానికి మరొక పార్టీ లేదు గనుక పోలింగు ఒక లాంఛనంగా జరిగిపోయేది. 1946లో ఆ లాంఛనం పోయి పోటీ వచ్చింది. అయితే పోటీ రావడం ఒకటి, వేసిన ఓటు లెక్కలోకి రావడం మరొకటి. ఈ రెంటికీ మధ్య నాలుగేళ్ల దూరం ఉన్నదని ఆ దేశ చరిత్ర నిరూపించింది.

ముస్తఫా కమాల్ 1923 సెప్టెంబరులో, గణతంత్ర ప్రకటనకు కొద్ది వారాల ముందు, స్థాపించిన ప్రజాపక్షమే తరువాత రిపబ్లికన్ ప్రజాపక్షం అయింది. దానికి ఎదురుగా రెండు పార్టీలు తలెత్తాయి. 1924లో పుట్టిన ప్రోగ్రెసివ్ రిపబ్లికన్ పార్టీ మరుసటి ఏడు షేక్ సయీద్ తిరుగుబాటు నెపంతో మూతపడింది. 1930లో కమాల్ స్వయంగా ప్రోత్సహించగా ఆయన మిత్రుడు ఫెత్హీ నెలకొల్పిన ఫ్రీ రిపబ్లికన్ పార్టీ మూడు నెలలు మాత్రమే బ్రతికింది. దాని సభలకు విరగబడి వచ్చిన జనమే దానికి మృత్యువయ్యారు. 1936లో పార్టీకి, ప్రభుత్వానికి మధ్యనున్న పలుచని తెర కూడా తొలగిపోయింది. దేశీయాంగమంత్రి పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. వాలీ, అనగా భారతీయ పాఠకుని లెక్కలో కలెక్టరు వంటి అధికారి, తన జిల్లా పార్టీకి అధ్యక్షుడయ్యాడు. 1939లో ఈ ఏర్పాటు రద్దయింది. కాని అధికారుల అలవాటు చట్టంతో పాటు రద్దు కాలేదు. 1946లో పోలింగు జరిపించినది ఈ అధికారులేనన్న సంగతి మరువరాదు.

ఇంతటి పట్టు ఉన్న పార్టీ తలుపు ఎందుకు తెరిచింది? రెండవ ప్రపంచ యుద్ధం ముగిసే సమయానికి టర్కీ ఒంటరిగా ఉన్నది. 1945లో సోవియట్ యూనియన్ జలసంధులలో స్థావరాలను, తూర్పున కార్స్, అర్దహాన్ ప్రాంతాలను కోరింది. పాశ్చాత్య రాజ్యాల అండ కావాలంటే ఏకపార్టీ పాలన ఒక మచ్చగా కనిపించింది. చాలామంది చరిత్రకారులు ఇక్కడే ఆగిపోతారు. నిజానికి లోపలి ఒత్తిడి ఇంతకంటె తక్కువ కాదు. టర్కీ యుద్ధంలో పోరాడలేదు గాని యుద్ధపు కరువును అనుభవించింది. పట్టణాలలో రొట్టెకు రేషను కార్డు వచ్చింది. 1942లో విధించిన సంపద పన్ను ముఖ్యంగా గ్రీకు, ఆర్మీనియన్, యూదు వర్తకులను నేలమట్టం చేసింది. 1925లో రద్దయిన పదోవంతు శిస్తును రైతు మరచిపోక ముందే, 1943లో పంట పన్ను మరో పేరుతో కళ్లంలోకి వచ్చింది. పల్లెవాసికి ప్రభుత్వమంటే పన్ను వసూలుదారు, జందర్మా అనే గ్రామీణ పోలీసు, అంతే.

1945 జూన్ 7న పాలక పార్టీ సభ్యులు నలుగురు, రాజ్యాంగంలో ఉన్న హక్కులను అమలు పరచవలసిందని పార్టీకి ఒక వినతిపత్రం ఇచ్చారు. వారు పూర్వ ప్రధాని జెలాల్ బయార్, ఐదీన్ ప్రాంతపు భూస్వామి అద్నాన్ మెండెరెస్, తురుష్క సూఫీ సాహిత్య పరిశోధకుడుగా పేరుగన్న ఫువాద్ కోప్రులు, రెఫిక్ కొరల్తాన్. వీరిలో మెండెరెస్ అదే రోజులలో భూసంస్కరణ చట్టాన్ని గట్టిగా ఎదిరించినవాడు. కాబట్టి ఆ పత్రం వెనుక స్వేచ్ఛాకాంక్ష ఒక్కటే ఉన్నదని అనుకోవడం అమాయకత్వం. పార్టీ ఆ పత్రాన్ని త్రోసిపుచ్చింది. ముగ్గురిని బహిష్కరించగా, బయార్ తానే రాజీనామా చేశాడు. కాని నవంబరు 1న అధ్యక్షుడు ఇస్మత్ ఇనోను, దేశంలో ఉన్న లోటు ప్రతిపక్షం లేకపోవడమేనని సభలో చెప్పాడు. 1946 జనవరి 7న డెమోక్రాట్ పార్టీ వెలసింది.

కొత్త పార్టీ ఊరూరా వేళ్లూనడం చూసి పాలకులు తొందరపడ్డారు. 1947లో జరగవలసిన ఎన్నికలను ఏడాది ముందుకు జరిపారు. ప్రతిపక్షానికి దక్కిన వ్యవధి ఆరున్నర నెలలు. 465 స్థానాలకు అది 273 మంది అభ్యర్థులను మాత్రమే నిలబెట్టగలిగింది. అంతకంటె ముఖ్యమైనది జూన్‌లో వచ్చిన ఎన్నికల చట్టం. అది ప్రత్యక్ష ఎన్నికను ఇచ్చింది గాని ఓటు రహస్యానికి పూచీ ఇవ్వలేదు. న్యాయమూర్తుల పర్యవేక్షణ లేదు. లెక్కింపు అధికారుల చేతిలో ఉన్నది. లెక్క ముగియగానే చీటీలను కాల్చివేశారు. 'బహిరంగంగా ఓటు, రహస్యంగా లెక్క' అని తురుష్కులు ఈనాటికీ ఈ ఎన్నికను తలచుకుంటారు. ఓటు చాటున వేసి, ఓట్లను అభ్యర్థుల ఏజెంట్ల ఎదుట లెక్కించే పద్ధతికి అలవాటుపడిన భారతీయ పాఠకునికి ఇది తలక్రిందుల వ్యవహారంగా తోస్తుంది. పల్లెలో గ్రామపెద్ద చూస్తుండగా, జందర్మా నిలబడి ఉండగా, చీటీ వేయవలసిన రైతు పరిస్థితి ఊహించదగినదే.

ఫలితాలలో ప్రజాపక్షానికి సుమారు 395 స్థానాలు, డెమోక్రాట్లకు అరవైకి పైగా వచ్చాయని ప్రకటించారు. లెక్కను కప్పిపుచ్చడం కష్టమైన మహానగరం ఇస్తాంబుల్‌లో ప్రతిపక్షం ఘనవిజయం సాధించింది. స్వాతంత్ర్య సమరపు సేనాని మార్షల్ ఫెవ్జి చక్మాక్ దాని జాబితాలోనే అక్కడ నెగ్గాడు. నగరాలలో ఒక తీరు, లోపలి జిల్లాలలో మరొక తీరు ఫలితం రావడమే అనుమానానికి సాక్ష్యమయింది. కాని చీటీలు బూడిదయ్యాయి గనుక తిరిగి లెక్కించే మార్గం లేదు. ఇస్తాంబుల్‌లో యుద్ధకాలపు సైనిక శాసనం ఇంకా అమలులో ఉన్నది. ఎన్నికలను శంకించే రాతలను సైనికాధికారులు నిషేధించారు. ఆ ఎన్నికలో ప్రజల అసలు తీర్పు ఏమిటో ఇక ఎవరూ తేల్చలేరు. మోసం చేసిన పక్షానికి కూడా అది తెలియకుండా పోయింది. నాలుగేళ్ల తరువాత తన బలాన్ని తానే తప్పుగా అంచనా వేసుకోవడానికి ఇది కొంత కారణమై ఉండవచ్చు.

ఓడిన పార్టీ సభను విడిచి వీధికెక్కలేదు. 1947 జనవరి మహాసభలో ఎన్నికల చట్టం మార్చాలని, దేశాధ్యక్షుడు పార్టీ నాయకుడుగా ఉండరాదని తీర్మానించి, వినకపోతే సభ నుండి వైదొలగుతామని హెచ్చరించింది. కఠినుడైన ప్రధాని రెజెప్ పెకెర్ దానిని అణచదలిచాడు. ఇక్కడ ఇనోనుకు న్యాయం చేయవలసి ఉన్నది. ఉభయులనూ పిలిపించి విని, జూలై 12న ఆయన, దేశాధిపతిగా రెండు పార్టీల పట్ల తన బాధ్యత సమానమని ప్రకటించాడు. సెప్టెంబరులో పెకెర్ రాజీనామా చేశాడు. 1946 ఎన్నికకు బాధ్యుడైన ఇనోనునే దాని చట్టాన్ని మార్చే దారికి వచ్చాడు.

ఈ మధ్యకాలంలో మతం పట్ల పాలక పార్టీ వైఖరి కూడా మెత్తబడింది. 1949లో ప్రధాని అయిన షెంసెద్దీన్ గునల్తాయ్ ఇస్లామీయ చరిత్ర పండితుడు. ఆ ఏడే ప్రాథమిక పాఠశాలల్లో ఐచ్ఛికంగా మతబోధ ప్రవేశించింది, అంకారా విశ్వవిద్యాలయంలో ధర్మశాస్త్ర విభాగం వెలిసింది. 1950 ఏప్రిల్‌లో మార్షల్ చక్మాక్ మరణించగా, రేడియో సంగీతం మానలేదని ఆగ్రహించిన ఇస్తాంబుల్ జనం తక్బీర్ చదువుతూ జనాజాను మోసుకుపోయారు. అయినా రాబోయే ఎన్నికను మతానికి, లౌకికవాదానికి మధ్య యుద్ధంగా చిత్రించడం పొరపాటు. డెమోక్రాట్ నాయకులు ప్రజాపక్షపు ఒడిలో పెరిగినవారే. బయార్ లౌకికనిష్ఠ ఇనోను నిష్ఠకు తీసిపోయేది కాదు.

1950 ఫిబ్రవరి 16 నాటి కొత్త చట్టం మాటల వరుసను తిరగవేసింది: రహస్యంగా ఓటు, బహిరంగంగా లెక్క. ఎన్నికల అజమాయిషీ వాలీల చేతి నుండి న్యాయమూర్తులకు మారింది. వారితో సర్వోన్నత ఎన్నికల మండలి ఏర్పడింది. కాని చట్టంలో ఒక పాత అంశం మిగిలిపోయింది. జిల్లాలో ఎక్కువ ఓట్లు వచ్చిన జాబితాకే ఆ జిల్లా స్థానాలన్నీ దక్కుతాయి. తానే పెద్ద పార్టీనన్న ధీమాతో పాలకపక్షం దానిని మార్చలేదు. మే 14న ఓటర్లలో దాదాపు 89 శాతం తరలివచ్చారు. డెమోక్రాట్లకు సుమారు 53 శాతం ఓట్లతో నాలుగు వందలకు పైగా స్థానాలు వచ్చాయి. దాదాపు 40 శాతం ఓట్లు తెచ్చుకున్న ప్రజాపక్షానికి 487లో దక్కినవి 69. ఇరువది ఏడేళ్ల పాలకులు తాము ఉంచుకున్న నియమానికే బలి అయి, మారుమాటాడక దిగిపోయారు. మే 22న బయార్ అధ్యక్షుడయ్యాడు, మెండెరెస్ ప్రధాని అయ్యాడు.

జూన్ 16న, రమజాను ప్రవేశించే వేళ, అరబీ భాషలో అజాన్‌పై ఉన్న శిక్షను కొత్త సభ తొలగించింది. 1932 నుండి మినారాలపై అల్లాహ్ నామానికి బదులు 'తన్రి' అనే తురుష్క పదం పలికించారు. 1941 నుండి అరబీలో అజాన్ ఇవ్వడం నేరం. ఓడిన ప్రజాపక్షం కూడా ఈ సవరణను అడ్డుకోలేదు. అంతకు ముందు ఏళ్లలో సభ తలపెట్టని పని నెల తిరగక ముందే జరిగింది.

కాని గెలిచినవారు ఆ ఎన్నికల విధానాన్ని మార్చలేదు, ఇప్పుడది తమకు లాభం గనుక. 1954లో వారి బలం ఇంకా పెరిగింది. ఆ ఏడే, ప్రతిపక్షనేత ఉస్మాన్ బోలుక్‌బాషికి ఓటు వేసిన కిర్షెహిర్‌ను జిల్లా హోదా నుండి తొలగించి తాలూకా చేశారు. 1957లో సగానికి తక్కువ ఓట్లతోనే 610 స్థానాల సభలో నాలుగు వందలు దాటారు. 1960 ఏప్రిల్‌లో ప్రతిపక్షంపై విచారణకు తమ పార్టీ సభ్యులతోనే ఒక సంఘాన్ని నియమించారు. మే 27న సైన్యం అధికారం చేజిక్కించుకొన్నది. 1961 సెప్టెంబరులో మెండెరెస్‌ను ఉరితీశారు. ఆ ఏడు వచ్చిన రాజ్యాంగం సర్వోన్నత ఎన్నికల మండలిని తనలో చేర్చుకున్నది. అక్టోబరు ఎన్నికలలో దిగువసభ స్థానాలను ఓట్ల నిష్పత్తి ప్రకారం పంచారు. ఏ పార్టీకీ మెజారిటీ రాలేదు. ఇస్మత్ ఇనోను సంకీర్ణ ప్రభుత్వానికి ప్రధానిగా తిరిగి వచ్చాడు.