జీపు బ్రేకుల చరిత్ర: డ్రమ్ము నుంచి డిస్కుకు

1. పరిచయం

సాంకేతిక చరిత్ర అంటే ఆవిష్కర్తల జాబితా మాత్రమే కాదు. ఒక పరికరం ఏ దారి మీద, ఏ అవసరం కోసం మారిందో తెలుసుకోవడం కూడా చరిత్రే. తూర్పు హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ రోడ్ల మీద పాత జీపు నడిపేవారికి ఎదురయ్యే ఒక ప్రశ్నను ఇక్కడ పరిశీలిద్దాం: డ్రమ్ము బ్రేకులు తీసి డిస్కు బ్రేకులు బిగించుకోవలసిన అవసరం ఎందుకు వచ్చింది?

2. రెండు బ్రేకులు, ఒకే వయసు

ఆధునిక డ్రమ్ము బ్రేకును 1902లో ఫ్రాన్సుకు చెందిన లూయీ రెనో రూపొందించాడు. అదే ఏడాది ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. అయితే లాంచెస్టర్ వాడిన రాగి పలకలు మట్టిరోడ్ల దుమ్ముకు త్వరగా అరిగిపోయేవి. డ్రమ్ములో లైనర్లు లోపల మూసి ఉంటాయి కనుక అర్ధశతాబ్దం పాటు అదే నిలిచింది. 1953లో లెమాన్స్ పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ గెలిచింది. 1955లో సిట్రోయెన్ డీఎస్ కారు ముందు చక్రాలకు డిస్కులతో వచ్చింది. అప్పటి నుంచి పరిస్థితి మారింది.

3. జీపు రాక

రెండో ప్రపంచయుద్ధం కోసం తయారైన విల్లీస్ జీపుకు నాలుగు చక్రాలకూ 9 అంగుళాల డ్రమ్ములే. 1947లో మహీంద్రా సంస్థ ఆ జీపులను మన దేశంలో బిగించడం ప్రారంభించింది. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగిన కాలానికి గతుకుల దారికీ, తక్కువ వేగానికీ ఆ బ్రేకులు సరిపోయాయి. నేడు ఎల్బీనగర్ కూడలి నుంచి ఒక దారి సాగర్‌కు, మరొకటి విజయవాడకు వెళ్తాయి. దారి మారింది, పక్కన నడిచే వాహనాల వేగమూ మారింది. పాత జీపు బ్రేకు మాత్రం మారలేదు.

4. మార్పుకు కారణాలు

వేగం రెట్టింపైతే బ్రేకు వేడిగా మార్చవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి లైనర్లకు దూరమవుతుంది. అందువల్ల పెడలు కిందికి దిగిపోతుంది. నీళ్లలో దిగిన డ్రమ్ము ఆరేవరకు సరిగా పట్టదు. డిస్కు గాలికి తెరిచి ఉండటం వల్ల త్వరగా చల్లబడుతుంది, నీటినీ విదిలించుకుంటుంది.

5. మార్పిడిలో మెలకువలు

డ్రమ్ము తీసి డిస్కు పెడితే పని పూర్తయినట్లు కాదు. ఈ కింది అంశాలు గమనించండి.

అ) డ్రమ్ములో చక్రం తిరుగుడే ముందు లైనరును డ్రమ్ము వైపు లాగి పట్టు పెంచుతుంది. డిస్కుకు ఆ సాయం లేదు. కనుక సాధారణంగా బూస్టరు కావాలి. డీజిలు ఇంజనులో బూస్టరు నడిచేంత వాక్యూమ్ సహజంగా పుట్టదు. దానికి వేరే పంపు ఉండాలి.

ఆ) కాలిపర్‌కు ఎక్కువ బ్రేకు ఆయిలు అవసరం. పాత మాస్టర్ సిలిండర్ చాలకపోవచ్చు. అందులో డ్రమ్ము కోసం ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వు ఉంటే, డిస్కు విడవకుండా రాసుకుంటూ వేడెక్కుతుంది.

ఇ) ముందు, వెనుక బ్రేకుల మధ్య సమతుల్యం తప్పితే వెనుక చక్రాలు ముందే బిగుసుకుపోయి బండి పక్కకు తిరుగుతుంది.

6. చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను వాహనాల మార్పులను నియంత్రిస్తుంది. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. భద్రత కోసం చేసే మార్పు అయినా ముందుగా రవాణా అధికారిని సంప్రదించాలి. మంచి బ్రేకు బండి యజమానికి ఎంత అవసరమో, సరిగా బిగించని బ్రేకు రోడ్డు మీది అందరికీ అంత ప్రమాదం. చట్టం జోక్యానికి ఆధారం ఇదే.

7. సారాంశం

1902లో దుమ్ము డ్రమ్మును గెలిపించింది. తరువాత వేగం డిస్కును గెలిపించింది. ఒక పరికరం మంచిదా కాదా అన్నది అది నడిచే దారితో కలిపి చూసినప్పుడే తేలుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. డిస్కు బ్రేకు తొలినాళ్లలో ఎందుకు వ్యాప్తి చెందలేదు?
2. డిస్కు బిగించినప్పుడు బూస్టరు ఎందుకు అవసరమవుతుంది?