చుట్టుతెర గుడ్డ: గంజి నుంచి ప్లాస్టిక్ దాకా

కిటికీకి వేలాడే మామూలు తెరను ఏ గుడ్డతోనైనా కుట్టుకోవచ్చు. చుట్టుతెరకు, అంటే పైనున్న గొట్టానికి చుట్టుకుంటూ పైకీ కిందికీ నడిచే రోలర్ బ్లైండ్‌కు, ఆ వెసులుబాటు లేదు. గుడ్డ మందమైతే చుట్ట లావెక్కుతుంది. మెత్తనైతే ముడతలు పడి ఒక పక్కకు లాగేస్తుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు అంచులది. పక్క అంచులను మడిచి కుట్టకూడదు. కుడితే మడత పడ్డ చోట మందం పెరిగి చుట్ట రెండు కొసలూ ఉబ్బుతాయి. కాబట్టి కత్తిరించిన అంచు దారాలు ఊడకుండా దానంతట అదే నిలవాలి. ఈ తెరలు ఇంగ్లండు ఇళ్లలో కనిపించిన 18వ శతాబ్దం నుంచి వాటి గుడ్డ చేసేవాళ్లంతా కుస్తీ పట్టింది ఈ అంచుతోనే.

మొదట కుదిరింది లినెన్. 17వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లోని హార్లెం పట్టణం బట్టల చలువకు పేరుమోసింది. లినెన్‌ను క్షారపు నీళ్లలోనూ పుల్లమజ్జిగలోనూ మార్చిమార్చి నానబెట్టి, ఊరి బయటి పచ్చిక మీద వారాల తరబడి ఎండకు పరిచేవారు. యాకబ్ వాన్ రైస్‌డాల్ 1670ల్లో చిత్రించిన హార్లెం దృశ్యాల్లో ఆ తెల్లటి బారులు కనిపిస్తాయి. ఆ దేశపు లినెన్‌ను ఇంగ్లండులో హాలండ్ అన్నారు. తర్వాత్తర్వాత ఎక్కడ నేసినా సరే, చివరికి నూలుతో నేసినా సరే, గంజి దట్టించి మెరుగుపెట్టిన సాదా నేత తెరగుడ్డ ఆ పేరుతోనే అమ్ముడయింది.

గంజి చవక, పని సులువు. అయితే చెమ్మ తగిలితే మెత్తబడుతుంది, బూజు పడుతుంది. వానాకాలంలో గంజి పెట్టిన బట్టలు దాచిన తెలుగు ఇళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. దీనికి తోడు వ్యాపారపు తెలివి ఒకటి చేరింది. పలచటి నేతకు గంజితో పాటు చీనా మట్టి, సుద్ద పట్టిస్తే కొట్లో చూసేటప్పుడు గుడ్డ దిట్టంగా ఉంటుంది. ఇంటికి తెచ్చి నాలుగు నెలలు చుట్టీ విప్పీ చేశాక పూత బీటలిచ్చి రాలుతుంది, సూదిబెజ్జాల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా దిగుతుంది. 20వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలో కొన్ని కంపెనీలు తమ గుడ్డలో సుద్దగానీ మట్టిగానీ లేదని ప్రత్యేకంగా ప్రకటించుకునేవంటే, మిగతా సరుకు ఎలా ఉండేదో ఊహించవచ్చు.

మంచి దారి నూనె పూత. అవిసె నారతో నేసిన లినెన్‌కు అవిసె గింజల నూనెలోనే రంగు కలిపి పూసేవారు. గుడ్డా పూతా ఒకే మొక్కవి. ఆరిన నూనె దారాలను పట్టి ఉంచుతుంది, నీటికి లొంగదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని లాంకాస్టర్ పట్టణం నూనెగుడ్డకూ తెరగుడ్డకూ కేంద్రమైంది. అమెరికాలో 1830ల నుంచి రెండు మూడు దశాబ్దాలు పలచటి గుడ్డ మీద కోటలు, సరస్సులు చిత్రించిన తెరలు నడిచాయి. పగలు వెలుతురు వెనక నుంచి పడితే బొమ్మ మెరిసేది.

1864లో స్టివర్ట్ హార్ట్‌షార్న్ అనే అమెరికన్ స్ప్రింగ్ రోలర్‌కు పేటెంటు పొందాడు. తెరను లాగి నెమ్మదిగా వదిలితే గొట్టం కొసన ఉండే చిన్న మీట గాడిలో పడి ఆపుతుంది. చటుక్కున వదిలితే తిరుగుడు వేగానికి ఆ మీట గాడి అందకుండా ఎగిరి, తెర పైకి పోతుంది. దీంతో తెరను ఎత్తి ఉంచడానికి తాళ్లు ముడివేసే బాధ తప్పింది. గుడ్డకు మాత్రం కొత్త కష్టం వచ్చింది: స్ప్రింగు దాన్ని పగలూ రాత్రీ లాగుతూనే ఉంటుంది. సాగే గుడ్డ, పెళుసు పూత ఇక పనికిరాలేదు. 1920ల్లో డ్యుపాంట్ కంపెనీ నైట్రోసెల్యులోజ్ పట్టించిన టాంటైన్ అనే తెరగుడ్డను కడుక్కోగలిగేదిగా అమ్మింది. ప్లాస్టిక్ పూతల కాలం అలా మొదలైంది.

గుడ్డ ఎంపికను యుద్ధమూ శాసించింది. 1939 సెప్టెంబరు 1 నుంచి బ్రిటన్‌లో, శత్రు విమానాలకు ఆనవాలు దొరకకుండా, రాత్రిపూట ఇంటి దీపం బయటికి కనిపించకూడదు. నల్లటి నూలు గుడ్డకు గిరాకీ ముంచుకొచ్చింది. దొరకనివాళ్లు అద్దాలకు అట్టలు అడ్డుపెట్టుకున్నారు, నల్లరంగు పూసుకున్నారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేయడంతో ఆ భయం తెలుగు తీరానికీ తెలిసింది.

వెలుతురును పూర్తిగా ఆపే ఇప్పటి బ్లాక్‌ఔట్ గుడ్డలో సాధారణంగా పాలియెస్టర్ నేతకు యాక్రిలిక్ నురగ పూత ఉంటుంది. నల్లటి పొరను రెండు తెల్లటి పొరల మధ్య దాచడం వల్ల గది వైపు తెల్లగానే కనిపిస్తుంది. ఆఫీసుల్లో వాడే జల్లెడ నేతకు గాజుపోగు లేదా పాలియెస్టర్ మీద పీవీసీ పూస్తారు. కన్నాల వాటా 1, 3, 5, 10 శాతాలుగా దొరుకుతుంది. ముదురు రంగు జల్లెడలోంచి బయటి దృశ్యం స్పష్టంగా కనిపిస్తుంది, లేత రంగు వేడిని ఎక్కువగా తిప్పికొడుతుంది. రాత్రి లోపల దీపం వెలిగితే మాత్రం ఈ నేత ఏ మరుగూ ఇవ్వదు. పడకగదికి ఇది తప్పుడు ఎంపిక.

అద్దం దాటి వచ్చిన ఎండను ఏ గుడ్డా పూర్తిగా వెనక్కి పంపలేదు. వరండా బయట కట్టి నీళ్లు చల్లే వట్టివేళ్ల తడిక, వేడిని గది లోపలికి రాకముందే ఆపుతుంది కాబట్టి, పడమటి కిటికీ విషయంలో ఇప్పటికీ దానిదే పైచేయి.